పేరున్న మనిషి మీద కేసు నిలబడాలంటే మొదటి రోజు నుంచే ఏం చేయాలి

పోయిన నెల తిరుపతి కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చుని ఉంటే ఒక తల్లి నన్ను అడిగింది. "అక్కా, ఆయప్ప ఫ్లెక్సీ మా వీధి చివర ఇంకా అట్టనే ఉండాది. నా బిడ్డ దినామూ దాని కిందనే నిలబడి ఆటో ఎక్కాల. ఊరంతా ఆయన్ను దేవుడంటాంటే జడ్జికి మాత్రం మా మాట మింద నమ్మకం ఎట్ట కుదురుతుంది?" అప్పటికప్పుడు ఏదో సర్దిచెప్పాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పారా లీగల్ వాలంటీరుగా ఆడవాళ్లతో పాటు స్టేషన్లకు, ఆసుపత్రికి, కోర్టుకు తిరగబట్టి ఎనిమిదేళ్లయింది. నేను లాయర్ని కాదు. కానీ పేరున్నవాళ్ల మీద పెట్టిన అత్యాచారం కేసులు ఎక్కడ కూలిపోతాయో దగ్గర నుంచి చూశాను. చాలాసార్లు అవి కోర్టు గడప తొక్కకముందే, మన ఇళ్లలోనే, మొదటి రెండు మూడు రోజుల్లోనే కూలిపోతాయి. అందుకే ఇది రాస్తున్నాను. నేను చెప్పే ఇంటి సంగతుల్లో గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను.

జ్యూరీకి ఎందుకు నమ్మబుద్ధి కాదు

ముందు అమెరికా సంగతి తెలుసుకుంటే మన సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ ఇలాంటి కేసుల్ని మామూలుగా పన్నెండు మంది సాధారణ జనం కూర్చుని తేలుస్తారు, వాళ్లనే జ్యూరీ అంటారు, పన్నెండు మందీ ఒకే మాట మీదికి రావాలి, ఒక్కరు కాదన్నా తీర్పు రాదు. బిల్ కాస్బీ అని ఒక నటుడు, టీవీ సీరియల్లో మంచి తండ్రి వేషంతో ఏళ్ల తరబడి ఇంటింటికీ తెలిసిన ముఖం. ఒక మహిళ అతని మీద చేసిన లైంగిక దాడి ఫిర్యాదును 2017 జూన్‌లో విన్న జ్యూరీ రోజుల తరబడి చర్చించుకుని ఏకాభిప్రాయానికి రాలేక చేతులెత్తేసింది. 2018 ఏప్రిల్‌లో మళ్లీ విచారణ జరిగితే, అదే మహిళ, అదే ఫిర్యాదు, ఈసారి దోషి అని తేల్చారు. మధ్యలో ఏం మారింది? మొదటిసారి తనకూ అలాగే జరిగిందని చెప్పడానికి ఇంకొక్క మహిళకే జడ్జి అవకాశం ఇచ్చాడు, రెండోసారి ఐదుగురికి ఇచ్చాడు. పైగా రెండోసారి అందరికంటే ముందు ఒక మానసిక వైద్యురాలు సాక్షిగా వచ్చి, దాడికి గురైనవాళ్లు వెంటనే చెప్పకపోవడం, ఆ మనిషితో మళ్లీ మాట్లాడటం మామూలేనని జ్యూరీకి వివరించింది. బయట దేశంలో గాలి కూడా మారింది, 2017 అక్టోబర్ నుంచి మీటూ అంటూ ఆడవాళ్లు వరసగా నోరు విప్పారు.

ఆ తర్వాత 2021లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అతను ఆ పని చేయలేదని కాదు, కేసు పెట్టనని పాత ప్రాసిక్యూటర్ ఇచ్చిన మాటను తర్వాతి వాళ్లు తప్పారని. సినీ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్‌కు 2020లో న్యూయార్క్‌లో శిక్ష పడితే, 2024లో పై కోర్టు నాలుగు-మూడు తేడాతో దాన్ని కూడా కొట్టేసింది. ఆ కేసులో ఫిర్యాదుదారులు కాని మహిళల చేత సాక్ష్యం చెప్పించడం తప్పన్నది అక్కడి కారణం. చూశారా, జ్యూరీకి ఏది నమ్మకం కలిగించిందో అదే తర్వాత పై కోర్టులో కేసుకు గండి కొట్టింది. ఒక మనిషిని ఈ నేరానికే విచారించాలి, అతని మొత్తం జీవితానికి కాదు అన్న సూత్రం న్యాయమైనదే, నేను కాదనను. కాకపోతే నాలుగు గోడల మధ్య జరిగిన దానికి రెండో సాక్షి ఎక్కడి నుంచి వస్తాడు?

నన్ను బాగా కదిలించింది మాత్రం ఆర్. కెల్లీ అనే గాయకుడి కేసు. మైనర్ అమ్మాయితో ఉన్న వీడియో మీద నడిచిన కేసులో 2008లో షికాగో జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. వీడియోలో ఉన్నది ఆ అమ్మాయేనని చుట్టాలు కొందరు చెప్పినా, ఆ అమ్మాయి మాత్రం కోర్టుకు రాలేదు. పద్నాలుగేళ్ల తర్వాత, 2022లో, ఇంకో విచారణలో ఆమే బోనెక్కి "అందులో ఉన్నది నేనే" అని చెప్పింది, ఈసారి శిక్ష పడింది. అంటే 2008లో జ్యూరీ ముందు కరువైంది నిజం కాదు, ఆ నిజం చెప్పే మనిషి. ఆ మనిషిని బోను దాకా నడిపించుకురావడమే మన పని, కింద రాసేదంతా దాని కోసమే.

తెలిసిన ముఖం మీద అనుమానం పుట్టడం కష్టం. రోజూ మన హాల్లో కనిపించే మనిషి మనకు చుట్టంలాగే అనిపిస్తాడు. అభిమాన హీరో సినిమా ఆడాలని అలిపిరి నుంచి మోకాళ్ల మిట్ట దాకా మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కిన కుర్రాళ్లను నేను చూశాను. ఆ కుర్రాళ్లలో ఒకణ్ణి కూర్చోబెట్టి ఈ హీరో తప్పు చేశాడా చెప్పు అంటే ఏం చెబుతాడు? "ఆయనకు ఏం కర్మ, కోరుకుంటే ఎంతమంది రారు" అంటాడు. ఈ మాట నేను విననిచోటు లేదు. బలవంతం చేసేవాడు ఎవరూ దొరక్క చేస్తాడని అనుకుంటాం. నేను చూసిన కేసుల్లో అలా లేదు, ఎదుటి మనిషి ఎప్పటికీ నోరెత్తదన్న ధీమాతో చేశారు.

మన జ్యూరీ మన వీధిలోనే ఉంది

మన దేశంలో జ్యూరీ లేదు కదా అంటారు. నిజమే, ఇప్పుడు లేదు. 1959లో బొంబాయిలో నానావతి అనే నేవీ అధికారి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసులో, పత్రికలూ జనమూ ఆ యూనిఫాం మనిషిని హీరోను చేస్తే, జ్యూరీ ఎనిమిది-ఒకటి తేడాతో నిర్దోషి అంది. జడ్జి ఆ తీర్పుతో విభేదించి హైకోర్టుకు పంపితే అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టూ ఖాయం చేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది.

అయితే జ్యూరీ పోయినంత మాత్రాన ఆ బుద్ధి పోలేదు. మథుర అనే అమ్మాయిని స్టేషన్‌లో పోలీసులు చెరిచారన్న కేసులో 1978లో సుప్రీంకోర్టే, ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటించలేదని పోలీసుల్ని వదిలేసింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాసి, దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కితే గానీ 1983లో చట్టం మారలేదు. మన హైదరాబాద్‌లో అదే 1978లో పోలీసులు చెరిచారన్న రమీజాబీ కేసు, విచారణ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పినా, ఆమె నడవడిక మీద బురద చల్లడమే పనిగా పెట్టుకున్నారు, చివరికి కేసు రాయచూరుకు మారి నిందితులు బయటపడ్డారు. విశాఖ ఏజెన్సీలో వాకపల్లి గిరిజన మహిళలు పోలీసుల మీద పెట్టిన 2007 నాటి అత్యాచారం కేసు 2023లో తేలింది, దర్యాప్తు సరిగా చేయలేదని కోర్టే తప్పుపట్టి పోలీసుల్ని నిర్దోషులుగా వదిలేసి, ఆ గిరిజన మహిళలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు. ఇందులో ఎవరూ సినిమా హీరోలు కారు, వాళ్లకు ఉన్నది ఖాకీ బలం. పేరు బలమైనా, పదవి బలమైనా కేసును చంపే దారి ఒక్కటే, సాక్ష్యం సేకరించాల్సిన రోజుల్లో సేకరించనివ్వకపోవడం.

తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పాలెగాడు ఊళ్లో ఆడపిల్లల్ని చెరుస్తుంటే అడిగే దిక్కు లేక, చివరికి అమ్మ చెయ్యే పట్టుకోబోతే ఆమె నిజరూపం చూపిందని, వాడు పారిపోయి దాక్కున్నాడని, అమ్మ రోజుకో వేషంలో వెతికిందని. బైరాగి వేషానికి రాలేదు, బండ వేషానికి రాలేదు, తోటి వేషానికి రాలేదు. దొర వేషంలో పోతే తప్ప వాడు బయటికి రాలేదు. ప్రతి మే నెలలో జాతరలో ఈ వేషాలు చూస్తూ నేను అనుకుంటాను, అమ్మంతటి అమ్మకే దొర వేషం కట్టక తప్పలేదే అని. పేరున్నవాడి ముందు మామూలు ఆడపిల్ల మాట మాత్రమే పెడితే వాడు బయటికి రాడు. ఆమె చేతిలోని కాగితాలకు దొర బరువు ఉండాలి. ఆ బరువు ఎలా తేవాలో ఇక చెబుతాను.

బిడ్డ నోరు విప్పిన రోజు

మీ చెల్లెలో, కూతురో, స్నేహితురాలో వచ్చి చెప్పినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం ముఖ్యం. "నువ్వెందుకు పోయినావు" అని అడగొద్దు. ఒక్కసారి అడిగితే చాలు, ఆ తర్వాత ఆమె చెప్పే ప్రతి మాటా మీకు సంజాయిషీ ఇస్తున్నట్టు మారిపోతుంది, మీకు కోపం వస్తుందని ఒకటి రెండు వివరాలు దాచేస్తుంది, ఆ దాచిన వివరమే రెండేళ్ల తర్వాత క్రాస్‌లో, అంటే కోర్టులో అవతలి లాయర్ ప్రశ్నలు వేసేటప్పుడు, బయటపడి మొత్తం అబద్ధమనిపిస్తుంది. నీళ్లిచ్చి పక్కన కూర్చోండి. ఆమె ఎలా చెబితే అలా వినండి. వరస తప్పినా, కొంత గుర్తులేదన్నా సరిచేయొద్దు, భయంలో మనసు అన్నీ వరసగా గుర్తుపెట్టుకోదు. అడగాల్సింది రెండే: దెబ్బలేమైనా తగిలాయా, ఇప్పుడు నీకు భయంలేని చోటేది.

ఆమె ఎవరికి మొదట చెప్పిందో ఆ మనిషి కూడా రేపు సాక్షే. అందుకని ఆ రోజు తారీఖు, టైమ్, ఆమె ఏ మాటల్లో చెప్పింది, ఎలా ఉంది అన్నది మీరు మీ నోటుపుస్తకంలో మీ మాటల్లో రాసి పెట్టుకోండి. మీరు చూడనిది, మీరు ఊహించింది మాత్రం రాయొద్దు.

చీర ఉతకొద్దు

ఇది ఎన్నిసార్లు చెప్పినా సరిపోదు. మన ఇళ్లలో మొదట జరిగే పని ఏమిటంటే తల్లి బిడ్డను పెరట్లోకి తీసుకుపోయి తల స్నానం చేయిస్తుంది, బట్టలు బకెట్లో సర్ఫ్ నీళ్లలో నానేస్తుంది. నేను ఒకసారి వెళ్లేసరికి ఆ లంగాఓణీ దండెం మీద ఆరుతోంది, ఇస్త్రీకి వెయ్యడమే తరువాయి. ఆ తల్లి ఏడుస్తూ "మురికి పోవాలని ఉతికినానమ్మా" అంది. ఆమెను నేను ఎలా తప్పుపడతాను. కానీ ఉతికినా పారేయొద్దు, కొన్నిసార్లు ఉతికిన గుడ్డ మీద కూడా ఆనవాళ్లు దొరుకుతాయి.

చేయాల్సింది ఇది. స్నానం, నోరు పుక్కిలించడం, గోళ్లు కత్తిరించడం డాక్టర్ చూసేదాకా ఆపండి. బట్టలు విప్పేటప్పుడు దులపొద్దు. తడి ఉంటే నీడలో ఆరనిచ్చి, ఒక్కో గుడ్డ ఒక్కో కాగితం సంచిలో విడిగా పెట్టండి, కొత్త కాగితం కవరైనా సరే. ప్లాస్టిక్ కవర్లో పెట్టారంటే చెమ్మకు బూజు పట్టి ఆనవాళ్లు పాడైపోతాయి. సంచి మీద తారీఖు రాసి, పోలీసులకు ఇచ్చేటప్పుడు ఏమేం ఇచ్చారో రాసిన కాగితం మీద సంతకం అడగండి. కర్ణాటకలో మాజీ ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణకు 2025 ఆగస్టులో జీవిత ఖైదు పడిన కేసు గుర్తుందా, మాజీ ప్రధాని మనవడు, ఫిర్యాదు చేసింది ఇంట్లో పనిచేసిన మహిళ. ఆ కేసులో డీఎన్‌ఏ దొరికిన చీర పెద్ద సాక్ష్యమైంది, అదీ ఘటన జరిగి ఏళ్లు గడిచాక. ఆ కుటుంబం పలుకుబడి ఎంతదైనా చీర మీది మరకను బెదిరించలేకపోయింది.

ఆసుపత్రికి మొదటి మూడు నాలుగు రోజుల్లోపు వెళితే ఆనవాళ్లు దొరికే అవకాశం ఎక్కువ, ఎంత ముందైతే అంత మేలు. తిరుపతిలో రుయా ఉంది, ప్రసూతి ఆసుపత్రి ఉంది. ఏ ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా సరే, ఉచితంగా వైద్యం చేసి తీరాలి, ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తామనడానికి లేదు. పరీక్షకు ఆమె ఒప్పుకోవాలి, కొంత పరీక్షకు ఒప్పుకుని కొంత వద్దనొచ్చు, వైద్యం మాత్రం ఆగకూడదు. ఆమెకు ముందే లైంగిక అనుభవం ఉందా అని చూసే రెండు వేళ్ల పరీక్ష చేయడానికి వీల్లేదు, సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టి, 2022లో చేసినవాళ్లది దుష్ప్రవర్తన కింద లెక్కని చెప్పింది. ఎవరైనా చేయబోతే వద్దని గట్టిగా చెప్పండి. గర్భం రాకుండా మాత్ర, హెచ్‌ఐవీ రాకుండా మందులు అడిగి తీసుకోండి, ఆ మందులు 72 గంటల్లోపు మొదలవ్వాలి. తాగిందాంట్లో ఏదో కలిపారన్న అనుమానం ఉంటే ఆ మాట ముందే చెప్పి రక్తం, మూత్రం తీయమనండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ జాడ పోతుంది.

ఫోన్ సంగతి

బట్టల తర్వాత కేసును నిలబెట్టేదీ, పడగొట్టేదీ ఫోనే. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఆర్కెస్ట్రాలో పాడుతుంది. స్టేజీ ప్రోగ్రాములు ఇప్పించే పేరున్న మనిషి మీద ఫిర్యాదు. ఘటన జరిగిన మూడో రోజు పొద్దున ఆరున్నరకు ఆ అమ్మాయి ఫోన్ నుంచి అతనికి ఒక వాట్సాప్ మెసేజ్ పోయింది, గులాబీ పువ్వు బొమ్మ, కింద "గుడ్ మార్నింగ్ సార్". రోజూ పంపే మెసేజే. పంపకపోతే అతనికి అనుమానం వస్తుందని, రావాల్సిన నాలుగు ప్రోగ్రాముల డబ్బులు ఆగిపోతాయని, ఇంట్లో చీటీ కట్టాల్సిన తారీఖు దగ్గరపడిందని. అవతలి లాయర్ చేతికి ఆ గులాబీ పువ్వు దొరికితే ఏం చేస్తాడో మీరు ఊహించుకోవచ్చు.

ఆ అమ్మాయి నాతో మొదట ఏమందంటే, "అక్కా, అది డిలీట్ చేసేస్తా." వద్దన్నాను. డిలీట్ చేస్తే అతని ఫోన్‌లో ఉంటుంది, అప్పుడు మెసేజ్ పంపావన్నది కాదు, దాచావన్నది పెద్దదవుతుంది. దానికి బదులు మొదటి ఫిర్యాదులోనే, ఎవరూ అడక్కముందే, ఆ మెసేజ్ పంపానని, ఎందుకు పంపానో కూడా రాయించాం. గోవాలో ఒక పేరున్న సంపాదకుడి కేసులో 2021లో సెషన్స్ కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేస్తూ, ఘటన తర్వాత ఆ మహిళ ప్రవర్తన గురించి తీర్పులో పేజీల కొద్దీ చర్చించింది. మనం ముందే చెప్పిన విషయాన్ని అవతలివాళ్లు కొత్తగా కనిపెట్టినట్టు చూపించలేరు.

కాబట్టి ఏదీ చెరపొద్దు. ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు, వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే తీసేయండి. స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరికి పంపి ఉంచండి గానీ అసలు ఫోన్ అసలు ఫోనే, కోర్టుకు ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇవ్వాలంటే సర్టిఫికెట్ కావాలి, అది మీ లాయర్ చూసుకుంటారు. లాడ్జి, ఆఫీసు, కల్యాణ మండపం లాంటి చోట జరిగితే సీసీ కెమెరా దృశ్యాలు కొన్ని రోజులకే కొత్తవాటి కింద చెరిగిపోతాయి, ఫిర్యాదులోనే ఆ కెమెరాల సంగతి రాసి వెంటనే స్వాధీనం చేసుకోమని అడగండి. ఆటో, క్యాబ్ బుక్ చేసిన రసీదు, యూపీఐ చెల్లింపు, టోల్ గేట్, ఏదైనా సరే ఆమె ఆ టైమ్‌కు ఆ చోట ఉందని చూపించేది దాచిపెట్టండి.

ఇంకోటి, యూట్యూబ్ ఛానల్ వాళ్లు మైకు పట్టుకుని వస్తారు. ఎఫ్‌ఐఆర్ కాకముందు వాళ్లకు చెప్పొద్దు. ఒక ఛానల్లో ఒకలా, ఇంకో ఛానల్లో ఇంకోలా నోటికొచ్చిన మాటలో చిన్న తేడా వచ్చినా దాన్నే పట్టుకుంటారు. బాధితురాలి పేరు, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం నేరం, రెండేళ్ల దాకా జైలు ఉంది. అది ఆమెను పొగుడుతూ పెట్టే పోస్టుకు కూడా వర్తిస్తుంది, మీ కాలనీ వాట్సాప్ గ్రూపుకు కూడా.

స్టేషన్‌లో

ఘటన రేణిగుంటలో జరిగినా చిత్తూరులో జరిగినా మీకు దగ్గరున్న స్టేషన్‌కే పోండి. "ఇది మా పరిధి కాదు" అనడానికి వీల్లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, ఘటన జరిగిన చోటి స్టేషన్‌కు వాళ్లే పంపాలి. 112కు ఫోన్ చేయొచ్చు, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, చిన్నపిల్లలైతే 1098. మహిళా అధికారే వాంగ్మూలం రాసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, చేతికి తీసుకోకుండా బయటికి రావొద్దు. రాసింది చదివి వినిపించమనండి, "చెయ్యి పట్టుకున్నాడు" అని మీరు చెప్పిన దానికీ "అసభ్యంగా ప్రవర్తించాడు" అని వాళ్లు రాసిన దానికీ చాలా తేడా ఉంది, ఏం జరిగిందో ఆ మాటే ఉండాలి, సిగ్గుపడి మెత్తన చేయొద్దు. ఈ నేరాల్లో ఎఫ్‌ఐఆర్ కట్టను అన్న అధికారికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష ఉంది. నేను ఈ సెక్షన్ నంబర్ చిన్న చీటీ మీద రాసి పర్సులో పెట్టుకుని తిరుగుతాను. గొడవ పడనక్కర్లేదు, ఆ నంబర్ మెల్లగా చదివితే చాలాసార్లు పని జరుగుతుంది. జరక్కపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్.

ఈ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగిన ఘటనైతే పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. తర్వాత మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఉంటుంది, వీలైనంతవరకు మహిళా మేజిస్ట్రేటే తీసుకోవాలి. ఫిర్యాదులో చెప్పిందీ ఇక్కడ చెప్పిందీ ఒకటిగా ఉండాలని బట్టీ పట్టించొద్దు, బట్టీ పట్టింది వినేవాళ్లకు తెలిసిపోతుంది. గుర్తున్నది చెప్పాలి, గుర్తులేనిది గుర్తులేదనాలి.

ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది, 15100కు చేయండి. ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌కు తోడుగా మీ తరఫున ఒక లాయర్ ఉండొచ్చు. అవతల పేరున్న మనిషి హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి నలుగురు సీనియర్ లాయర్లను దింపుతాడు కాబట్టి ఈ తోడు మాత్రం వదులుకోవద్దు. ఆ మనిషే ఆమెకు పనిచ్చే యజమాని అయితే పనిచోట వేధింపుల చట్టం కింద జిల్లా లోకల్ కమిటీకి కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు"

పేరున్నవాళ్ల కేసుల్లో ఆలస్యం లేని కేసును నేను దాదాపు చూడలేదు. అత్యాచారం కేసుకు గడువు లేదు, పదేళ్ల తర్వాతైనా పెట్టొచ్చు. ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదని, ఆమె ఒక్కరి సాక్ష్యం నమ్మదగ్గదైతే అదొక్కటే చాలని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. డేరా బాబా రామ్ రహీమ్ కేసు 2002లో ఒక పేరు లేని ఉత్తరంతో మొదలై 2017లో ఇరవై ఏళ్ల శిక్షతో తేలింది. కేంద్రమంత్రిగా పనిచేసిన ఎడిటర్ మీద మాట్లాడినందుకు పరువునష్టం కేసు ఎదుర్కొన్న ప్రియా రమణిని 2021లో ఢిల్లీ కోర్టు వదిలేస్తూ, దశాబ్దాల తర్వాతైనా తన బాధ చెప్పుకునే హక్కు ఆడమనిషికి ఉందంది.

కాబట్టి ఆలస్యాన్ని దాచొద్దు, కారణం రాయండి. "భయమేసింది" అని ఒక్క మాట కాదు. ఎవరికి భయపడ్డారు, అతను ఏ మాటన్నాడు, చెల్లెలి పెళ్లి చూపులు ఏ వారం ఉన్నాయి, నాన్న ఎవరి దగ్గర పనిచేస్తున్నాడు, అప్పు ఎవరి దగ్గర ఉంది. ఇవన్నీ జడ్జికి ఆమె బతుకును కళ్లముందు పెడతాయి. అలా పెట్టలేకపోతే ఆ ఖాళీని అవతలి లాయర్ తనకు నచ్చిన కథతో నింపుతాడు.

రాజీ మనిషి ఇంటికొస్తాడు

ఎఫ్‌ఐఆర్ అయిన వారంలోపు వస్తాడు. అరిచే మనిషి రాడు, మీకు బాగా కావాల్సినవాడే వస్తాడు, మేనమామో, ఊరి పెద్దో. "ఆయప్ప అట్టాంటోడు కాదమ్మే, ఏదో తాగిన మింద జరిగిపోయింది, బిడ్డ పెళ్లి చెయ్యాల గదా" అంటాడు. కాఫీ ఇవ్వండి, డబ్బు మాట ఎత్తగానే ఆపండి. అత్యాచారం కేసులో రాజీ అనేది చట్టంలో లేదు, సుప్రీంకోర్టు 2015లో గట్టిగా చెప్పింది. మీరు ఒక్క రూపాయి ముట్టుకున్నా రేపు కోర్టులో ఇది డబ్బు కోసం పెట్టిన కేసు అంటారు, అమెరికా జ్యూరీల ముందు కూడా ఆ లాయర్లకు ఇదే పెద్ద ఆయుధం. ప్రభుత్వం ఇచ్చే బాధితుల పరిహారం వేరు, అది హక్కు, లీగల్ సర్వీసెస్ ద్వారా అడగండి. ఎవరు వచ్చారు, ఏ రోజు, ఏమన్నారు అన్నది రాసిపెట్టి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. బెదిరింపు ఉంటే సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టొచ్చు. ఆశారాం అనే బాబా మీద నడిచిన కేసుల్లో సాక్షుల మీద దాడులు జరిగి కొందరు హత్యకు గురైతే, దాడికి గురైన ఒక సాక్షి, ఇంకొందరు కలిసి సుప్రీంకోర్టుకు పోయి 2018లో తెచ్చుకున్న పథకం అది.

బోనెక్కే రోజు

విచారణ మూసిన తలుపుల వెనుకే జరుగుతుంది, జనం ఉండరు. అతని ముఖం కనబడకుండా తెర అడగొచ్చు. ఆమె పాత జీవితం, అంతకుముందు ఎవరితో ఉంది అన్న ప్రశ్నలు సమ్మతి విషయంలో అడగకూడదు, అడిగితే మీ లాయర్ లేచి అభ్యంతరం చెప్పాలి, ఈ మాట ముందురోజే లాయర్‌కు గుర్తుచేయండి. పొద్దున టిఫిన్ తినిపించి తీసుకురండి, వాయిదా సాయంత్రం దాకా లాగుతుంది. మంచినీళ్లు, ఒక తువాలు. వరండాలో అతని మనుషులు నిలబడి ఉంటారు, ఏమీ అనరు, చూస్తారంతే. ఆమెకు రెండు పక్కలా ఇద్దరు కూర్చోండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనొచ్చు, ఏడుపొస్తే ఆగొచ్చు, కోపమొస్తే కోపంగానే చెప్పొచ్చు, బాధితురాలు ఇలాగే ఉండాలన్న రూలు ఏ చట్టంలోనూ లేదు.

ఆర్కెస్ట్రా అమ్మాయి క్రాస్ రెండు రోజులు సాగింది. బయటికొచ్చాక తనే చెప్పింది. అవతలి లాయర్ గులాబీ పువ్వు ప్రింటు పైకెత్తి చూపించి, "ఇది పంపింది నువ్వేనా" అన్నాడట. "నేనే సార్. ఫిర్యాదులో నాలుగో పేరాలో రాయించినాను. ఆ నెల మా అమ్మ చీటీ ఐదు వేలు కట్టాల, డబ్బులు ఆయన దగ్గర ఉండాయి" అని చెప్పిందట. జడ్జి గారు కాగితాలు తిప్పి ఆ నాలుగో పేరా చదువుకున్నారట, ఆ లాయర్ ఆ ప్రింటు బల్ల మీద బోర్లా పెట్టి ఇంకో ప్రశ్నకు పోయాడట. కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే వాయిదాకు లాడ్జి మేనేజర్ సాక్ష్యం ఉంది, ఆ రోజు రిజిస్టరు తీసుకురమ్మని ప్రాసిక్యూటర్ గారికి మళ్లీ గుర్తుచేయాలి.